పుట్టింటి చీటీ

“నలుగుర్ని కన్నానమ్మా నేను. నొప్పులొచ్చేదాకా నిలబడే పని చేశాను. దీనికి ఏడో నెలకే మంచం కావాలా?”

కళ్ళజోడావిడ ఆ మాట నర్సుతోనే అన్నా, చూపు మాత్రం బల్ల మీద కూర్చున్న గర్భిణి మీదుంది. ఆ పిల్ల తల ఎత్తలేదు. వెంట వచ్చిన రెండో ఆవిడ, ఇంటి నుంచి తెచ్చిన చిన్న దిండుని ఆ పిల్ల నడుము వెనక సర్దుతూ, “పోనీలెండి. కాళ్ళు చూడండి పాపం, ఎలా ఉబ్బాయో” అంది.

“ఉబ్బవూ మరి! కాలు కదపనిస్తేగా మీరు! గారం చేసి చెడగొట్టారు.”

నర్సుకి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా ఈ గదిలో ఎంతమంది అత్తల్ని చూసిందో లెక్కలేదు. గుమ్మంలో అడుగుపెట్టే తీరు చూసే పోల్చుకోగలదు. అసలు తను కడుపుతో ఉన్నప్పుడు, తొమ్మిదో నెల దాకా రెండంతస్తులు నీళ్ళ బకెట్లు మోయించిన మహాతల్లి ఇప్పటికీ తన ఇంట్లోనే ఉంది.

“మీరిద్దరూ కాస్త బయట కూర్చోండి. ఈ ప్రశ్నలు అమ్మాయిని ఒంటరిగా అడగాలి.”

“మా ముందు చెప్పకూడని రహస్యాలేమున్నాయట దీనికి?”

“బరువెంత, బీపీ ఎంత అన్నవి మీ ముందే అడిగాం కదండీ. ఇవి వేరు.”

సణుక్కుంటూ ఒకరు, వెనక్కి తిరిగి చూసుకుంటూ ఒకరు బయటికి నడిచారు. నర్సు తలుపు వేసి కాగితం తీసింది. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన కాగితం అది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఎలా ఉంటోంది, ఏం పని చేస్తోంది, ఎవరికి భయపడుతోంది, అన్నీ కలిపి పద్నాలుగు ప్రశ్నలు. జవాబుల్ని బట్టి కాన్పుదాకా ఎక్కడుంచాలో నర్సు రాస్తే డాక్టరుగారు సంతకం పెడతారు. ఈ పిల్లకి నిరుడు ఒకటి పోయింది. ఇదైనా నిలవాలంటే మంచం దిగకూడదని పొద్దునే చెప్పారాయన.

“రోజుకి ఎన్ని గంటలు నిలబడతావు తల్లీ?”

“ఇస్త్రీ దుకాణం కదా సిస్టర్. పది గంటలు. హోటలు దుప్పట్లు వచ్చిన రోజున పదకొండు.”

“ఎవరిది దుకాణం?”

“మాదే.”

“ఇంక నా వల్ల కాదని చెప్పలేకపోయావా?”

“చెప్పాను. పనివాడు మానేశాడు. సొంత మనిషి ఉండగా బయటివాళ్ళకి జీతం ఎందుకంటుంది.”

“ఎవరు? కళ్ళజోడావిడేనా?”

ఆ పిల్ల తలూపింది. “పొద్దున్నే తనే వచ్చి లేపుతుంది.”

“మరి కాళ్ళు పీకుతుంటే చూసేదెవరు?”

అప్పుడు మొదటిసారి ఆ ముఖం విప్పారింది. “దిండు తెచ్చారు చూడండి, ఆవిడే. వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టించి, నొప్పి తగ్గేదాకా పక్కనే కూర్చుంటారు. మొన్న దుకాణానికి వెళ్ళొద్దని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు కూడా. ఆ నోటి ముందు ఆవిడెక్కడాగుతారు?”

కన్నకడుపు కదా, అనుకుంది నర్సు. ఇంక తొమ్మిది ప్రశ్నలు మిగిలాయి. అడగాలనిపించలేదు. కలం తీసింది.

“సరే. కాన్పుదాకా పుట్టింట్లో ఉండాలని రాస్తున్నా.”

ఆ పిల్ల ఉలిక్కిపడింది. “వద్దు సిస్టర్! అదొక్కటీ రాయకండి. ఇప్పుడున్న చోటే ఉంటాను.”

“భయపడకు. డాక్టరుగారి మాట కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.”

“అది కాదు... మీకెలా చెప్పను? మా వాళ్ళ గురించి నా నోటితో నేనే చెడ్డగా...”

“నువ్వు చెప్పక్కర్లేదమ్మా. కళ్ళారా చూశాను కదా!”

నర్సు జాలిగా నవ్వింది. శిక్షణలో సరిగ్గా ఇదే చెప్పారు. మంచి చెయ్యబోతే వద్దంటున్నారంటే, వెనకాల ఎవరికో భయపడుతున్నారని అర్థం. ఆ పిల్ల ఇంకేదో అనబోయేలోపే కాగితం పట్టుకుని డాక్టరుగారి గదివైపు నడిచింది.

పావుగంటలో సంతకమైంది, ముద్ర పడింది. నర్సు ఇద్దరినీ లోపలికి పిలిచి గొంతు పెంచింది.

“ఇవాళే పుట్టింటికి పంపాలి. కాన్పయ్యేదాకా అక్కడే. డాక్టరుగారి ఆర్డరు. ఎవరూ అడ్డం రావడానికి వీల్లేదు.”

చివరి మాట కళ్ళజోడావిడ మొహం మీదే అంది.

దిండు తెచ్చినావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేకపోతోంది కాబోలు అనుకుని నర్సుకి కడుపు నిండిపోయింది. గర్భిణి మాత్రం గోడవైపు తిరిగిపోయింది. కళ్ళజోడావిడ చీటీని రెండుసార్లు చదివింది. నర్సు నడుం బిగించి నిలబడింది, ఎంత గొడవైనా సరే వెనక్కి తగ్గేది లేదని.

గొడవేమీ జరగలేదు. ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టి, చిన్నగా నవ్వి, రెండో ఆవిడ వైపు తిరిగింది.

“విన్నారుగా వదినగారూ, నా కూతుర్ని నాతో పంపండి.”