పసుపు చుక్కల స్కర్టు

మోపిదేవి సెంటర్లో బందరు బస్సు ఎక్కబోతున్న అంకమ్మ మూటని వర్షిణి పరుగున వచ్చి పట్టుకుంది. స్టీలు సామానిచ్చి ఇంటింటా పాతచీరలు తీసుకోవడం అంకమ్మ పని.

"ఆ పసుపు చుక్కల చీర నాక్కావాలి. స్కూల్లో పాతకాలం సినిమా డాన్సు. స్కర్టు కుట్టించుకోవాలి."

"ఇట్టాంటివి బందర్లో బోలెడు దొరుకుతాయమ్మా. ఇది మడతల్లో చిరిగింది."

"నాకిదే కావాలి."

వర్షిణి సంచిలోంచి పుట్టినరోజు చుడీదార్ తీసిచ్చింది. ఒక్కసారే వేసుకుంది. అంకమ్మ నోరు వెళ్లబెట్టింది.

"మీ అమ్మ చూస్తే చంపుద్ది!"

"మా అమ్మేమీ అనదు."

పిచ్చిపిల్ల అనుకుంది అంకమ్మ. బేరం మాత్రం వదులుకోలేదు.

టైలరు ఏడుకొండలు చీర విదిలించి మొహం చిట్లించాడు. "ఉతికి తేవద్దూ?"

"ఉతికితే రంగు పోద్దండీ. ఇట్టాగే కుట్టండి. గొడుగులా తిరగాలి. ముక్కలు కూడా పారెయ్యొద్దు."

"ఏ పాటకమ్మా డాన్సు?"

వర్షిణి తడబడింది. "మేడం ఇంకా చెప్పలేదండీ."

మూడో రోజుకి కుట్టిచ్చాడు. స్కర్టు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంట్లో పిన్నికి చూపించక తప్పలేదు. పాత గుడ్డ కంటబడితే పిన్ని ఇంట్లో ఉండనివ్వదు. ఇదీ పోతుందేమోనని వర్షిణి ముందే చెప్పేసింది.

"డాన్సు డ్రెస్సు పిన్నీ. స్కూల్లో అడుగుతారు. పారెయ్యకూడదు."

"స్కూలుకైతే ఉంచుకో."

వర్షిణి ప్రాణం కుదుటపడింది. స్కర్టుని దిండు కింద దాచుకుంది.

శనివారం బడి నుంచి వచ్చేసరికి దిండు కింద లేదు. మంచం మీద ఉంది, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి.

"సర్ఫులో నానబెట్టి ఉతికానే. స్టేజీ మీద నువ్వే మెరిసిపోతావు చూడు." పిన్ని నిజంగా ప్రేమగానే అంది. ఆ ప్రేమకే వర్షిణికి ఒళ్లు మండిపోయింది.

స్కర్టులో మొహం పెట్టింది. పెట్టిన మొహం ఎత్తకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంత కష్టపడి ఉతికితే ఏడుపెందుకే? రంగేమీ పోలేదుగా!"

స్కూల్లో డాన్సనేదే లేదు. పిన్ని కాపురానికొచ్చాక స్టీలు బేసిన్లకి వేసేసిన చీరలన్నిట్లో, చనిపోయిన అమ్మ వాసన ఇంకా మిగిలిన చీర అదొక్కటే.