గోళ్ళు పెరిగాక

"అయిపోయాక కూడా పాడతారేంటమ్మా? రాగం అక్కడితో ఆఖరు!"

డింప్నా గొంతులో విసుగు. వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ కూనిరాగం టక్కున ఆపేసింది.

చర్చి హాల్లో డింప్నా హార్ప్ నేర్పే వేసవి బడికి ఇవాళ చివరి రోజు. సాయంత్రం కచేరీ. మొన్న వసంతంలో పోయిన అట్రాక్టా టీచరు జ్ఞాపకార్థం, ఆవిడ రాగాన్ని శిష్యురాలు డింప్నా వాయించాలి.

ఆ రాగంలో డింప్నాకు వచ్చింది సగమే.

అట్రాక్టా టీచరు కాగితం మీద ఒక్క ముక్క రాసిచ్చేది కాదు. చెవితో విను, వేలితో పట్టుకో, అంతే. పైగా అది పాతకాలపు ఇత్తడి తీగల హార్ప్. గోటితో మీటితేనే పలుకుతుంది. డింప్నాకేమో చిన్నప్పట్నుంచి గోళ్ళు కొరికే పాడలవాటు.

"రెండో భాగం ఎప్పుడు టీచర్?" అని అడిగితే ఆవిడ మొహం అటు తిప్పుకునేది.

"ముందు గోళ్ళు పెరగనీవే. చూద్దాం."

గోళ్ళు పెరిగేలోపు ఆవిడే పోయింది. ఇక ఐర్లండ్ మొత్తం గాలించినా ఆ రెండో భాగం వచ్చినవాళ్ళు లేరు. ఓ రాగాన్ని నా పళ్ళే పొట్టనపెట్టుకున్నాయని డింప్నా ఏడవని రోజు లేదు.

అసలే ఆ దిగులుతో ఉంటే మధ్యలో ఈవిడొకతె! ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరి తాలూకో. పేరు విన్నీ అంది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుని మరీ వచ్చింది. హార్ప్ ముట్టుకోదు. వారమంతా ఎవరేది వాయించినా కళ్ళు మూసుకుని కూనిరాగాలే. ఇవాళ టీచరు రాగం మొదటిసారి తీస్తే, దానికీ తయారు.

"అక్కడితో ఆఖరు కాదమ్మాయ్," అంది విన్నీ మెల్లగా.

"మిగతాది ఆవిడతోనే పోయింది. ఇన్నేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. నాకు తెలీదంటారా?"

"తెలీదని నేనెందుకంటాను తల్లీ!"

విన్నీ లేచి రెయిన్‌కోటు తొడుక్కుంది.

"బాలినా వెళ్ళే బస్సు వేళైంది. చక్కగా వాయించావు." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"హమ్మయ్య, రేడియో కట్టేశారు!" అన్నాడు ఫింటన్. బేకరీ కొడుక్కి అప్పజెప్పి, ఈ వయసులో హార్ప్ పట్టిన మనిషాయన. అందరూ గొల్లుమన్నారు.

డింప్నా కచేరీకి శ్రుతి చేయడం మొదలెట్టింది. ముందు మధ్యలో ఉన్న రెండు తీగలు సరిచూసుకోవాలి. అవి పక్కపక్కనే ఉంటాయి. రెండిటిదీ ఒకటే స్వరం. వాటిని అక్కచెల్లెళ్ళంటారు.

"ఒక్క స్వరానికి రెండు తీగలెందుకు టీచరమ్మా? ఇత్తడేమన్నా ఊరికే వస్తోందా?" అడిగాడు ఫింటన్.

"మాటలు ఆపి ఇటు వినండి."

డింప్నా ఒక తీగను మీటి, వెంటనే వేలితో నొక్కి ఆపింది. ముట్టుకోని రెండో తీగ సన్నగా మోగుతూనే ఉంది.

"చూశారా? అక్క ఆపినా చెల్లెలు ఊరుకోదు. మా టీచరు ఎప్పుడూ ఇదే మాట..."

డింప్నా తలుపు వైపు చూసింది.

విన్నీ కూనిరాగం చెవిలో ఇంకా తిరుగుతోంది. తను ఆపిన చోటే ఆవిడ అందుకుంది. అపస్వరం ఒక్కటి లేదు.

"అయ్యో, నా మతి మండ!"

గొడుగైనా తీసుకోకుండా వానలో పరుగు లంకించుకుంది.

బస్సు కదలబోతోంది. డింప్నా దబదబా తలుపు బాదింది.

"ఏంటి డింప్నా, బస్సు కింద పడతావా ఏం?" డ్రైవర్ తలుపు తీశాడు.

"అమ్మా, దిగండి! ఆ తర్వాతేంటో చెప్పండి!"

"ఆపమన్నావుగా!" ముందు సీట్లోంచి నవ్వింది విన్నీ.

"గడ్డి తిని అన్నాను. పాడండమ్మా, మీకు పుణ్యముంటుంది."

డింప్నా ఫోను తీయబోయింది.

"అది లోపల పెట్టు. చెవితో పట్టుకో."

విన్నీ బస్సు మెట్టు మీదే నిలబడి అందుకుంది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. మొదటి సగంలో పైకెక్కి బిక్కుబిక్కుమంటూ నిలబడిపోయిన రాగం, మెల్లమెల్లగా దిగి ఇల్లు చేరింది.

"మళ్ళీ," అంది డింప్నా. విన్నీ మళ్ళీ పాడింది. ఈసారి డింప్నా కూడా గొంతు కలిపింది.

"బాలినా జనం కాచుక్కూర్చుంటారమ్మా, ఎక్కుతారా దిగుతారా?" అన్నాడు డ్రైవర్.

విన్నీ దిగింది. బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ తడుస్తూ హాలు వైపు నడిచారు. డింప్నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలీడం లేదు.

"పోయిందనుకున్నానండీ! నా చేజేతులా పోగొట్టుకున్నాననుకున్నాను. గోళ్ళు పెరిగితే నేర్పుతానంది టీచరు. నేను వినలేదు."

విన్నీ ఫక్కున నవ్వి, కళ్ళు ఒత్తుకుంది.

"గోళ్ళా? అవన్నీ వట్టి మాటలు తల్లీ. అసలు తను వాయిస్తేగా నీకు నేర్పడానికి! చిన్నప్పుడు మంచం మీద కూర్చుని మా అక్క సగం వాయించి ఆపేది. నేను సన్యాసినుల మఠంలో చేరి ఇల్లు విడిచేదాకా, మిగతా సగం పక్కన పడుకుని పాడింది నేనే."