లైను కలిసిన రోజు

తలుపు చప్పుడైంది.

మహిమ ఉలిక్కిపడింది. ముసురు పట్టినప్పటి నుంచీ ఆ తలుపు తట్టినవాళ్ళే లేరు.

మళ్ళీ చప్పుడు.

గొళ్ళెం తీయకుండా కిటికీలోంచి చూసింది. తడిసిన చొక్కా, మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో సంచి. యాభై దాటిన మనిషి. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"ఎవరు కావాలె?"

అతను నవ్వాడు.

"మిమ్మల్నే. ఎవరింటికొచ్చిండ్రు?"

నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు.

మహిమకు భయం వేసింది. ఇంట్లో ఒక్కతే ఉంది. ఫారెస్టు ఉద్యోగి అయిన భర్త జస్టిన్ వాగు అవతల చిక్కుకుపోయి, ఇంకా తిరిగి రాలేదు.

ఆమె ములకలపల్లి వచ్చింది ఎండాకాలంలో, పెళ్ళయిన కొత్తలో. ఉద్యోగం కూడా వెంట వచ్చింది. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు చెవిలో పెట్టుకుని వినడం, విన్నది విన్నట్టు టైపు చేయడం.

"కంప్యూటరు, ఫోను లైను ఉంటే చాలు మహిమా. ఏ ఊర్నుంచైనా చెయ్యొచ్చు" అంది హైదరాబాదులో మేనేజరు జెస్సికా.

ఆ మాట ఎదురింటి జంపక్కకు మాత్రం ఎక్కలేదు.

"ఉద్యోగమంటవు, గడప దాటవు. గదేం ఉద్యోగం బిడ్డా?"

మహిమ నవ్వేసేది. జస్టిన్ అడవిలోకి వెళ్ళిన రోజుల్లో నవ్వు వచ్చేది కాదు. పొద్దస్తమానం చెవుల్లో మాటలే. అందులో ఒక్కటీ తనతో అన్నది కాదు.

తనతో మాట్లాడేది ఒక్క షాలేమ్‌రాజు గారే. ఆమె టైపు చేసిన ఫైళ్ళు దిద్దే మనిషి. అదీ మెసెంజర్‌లో, అక్షరాలతోనే. ఆయన ఎలా ఉంటాడో, ఎక్కడ ఉంటాడో ఆమెకు తెలియదు.

మొదట్లో ఒక డాక్టరు మాట ఎంతకూ అర్థం కాక, "నా వల్ల కాదు సార్, మానేస్తా" అని టైపు చేసింది.

"తొందరపడకమ్మా. కళ్ళు మూసుకుని మళ్ళీ విను" అని వచ్చింది జవాబు.

విన్నది. ఈసారి తెలిసింది.

అప్పటి నుంచి పని మధ్యలో ఆయన అడుగుతుండేవాడు. "అన్నం తిన్నవా అమ్మా?"

ఆ ప్రశ్న వచ్చాకే మహిమ లేచి కుక్కరు పెట్టేది.

తర్వాత వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది, బస్సులు ఆగాయి, ఊరంతటికీ ఫోన్లు మూగబోయాయి. ఫైళ్ళు పంపకపోతే వాటిని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. కొత్తగా చేరిన తనను పనిలో ఎవరు ఉంచుతారు?

వాగు తగ్గి, బస్సులు మళ్ళీ తిరిగింది ఈరోజే. ఆ బస్సులోనే వచ్చాడేమో ఈ మనిషి.

అతను కిటికీలోంచి కంప్యూటరును వేలితో చూపించాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, గాలిలో వేళ్ళు ఆడించాడు. మళ్ళీ నవ్వాడు.

కంప్యూటరు మీద కన్నేశాడు అనుకుంది మహిమ.

అతను జేబులో చెయ్యి పెట్టాడు. బస్సుల్లో ఒళ్ళో కార్డులు పడేసి, చేతులు చాపేవాళ్ళు గుర్తొచ్చారు.

"చందాలు గిట్ల ఏం లేవు. పో."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మా ఆయన లోపట పండుకున్నడు. లేపమంటవా?"

జేబులోని చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపు ఆమెనే చూశాడు. చెయ్యి బయటికి తీసి, రెండు చేతులూ జోడించి, మెట్లు దిగాడు.

మహిమ కిటికీ మూసేసింది.

సాయంత్రం నీళ్ళకు వెళ్తుంటే జంపక్క పిలిచింది.

"గా మూగాయన బస్సొచ్చేదాక మా అరుగు మీదనే కూసున్నడు. నీ తలుపు దిక్కే చూసుకుంట."

"నీకు తెల్సినోడా జంపక్కా?"

"నాకెట్ల తెలుస్తది? తడిసొచ్చిండు, ఇంత ఛాయ పోసిన."

మర్నాడు లైన్‌మన్ తుల్సీరాం కేక వేశాడు. "లైను కలిసింది మేడమ్! ఒకపారి చూడుండ్రి."

మహిమ వెంటనే హైదరాబాదుకు ఫోను కలిపింది.

"మేడమ్, నన్ను తీసెయ్యకండి. ఫైళ్ళన్నీ ఆగిపోయినయని నాకు తెలుసు..."

"ఏం ఆగలేదే? నీ ఫైళ్ళు రోజూ వస్తూనే ఉన్నాయి" అంది జెస్సికా.

"నేను పంపలేదు మేడమ్."

"షాలేమ్‌రాజు గారు పంపారు. వానలకు లైను పోయుంటుంది, ఆ అమ్మాయి పని ఎవరికీ ఇవ్వొద్దని, తన పనితో పాటు నీదీ ఆయనే చేశారు. నీకు చెప్పలేదా?"

మహిమ కళ్ళు నిండాయి. "లేదు మేడమ్. ఇప్పుడే మెసేజ్ పెడతా."

"ఇంకెక్కడి మెసేజ్! ఆయన పని మానేశారు. రాత్రి రైలుకే వేలూరు ఆస్పత్రికి వెళ్ళిపోయారు. రెండో ఆపరేషన్. తిరిగొస్తానో లేదో, ఆ అమ్మాయిని ఒక్కసారి చూసి, భయపడొద్దని చెప్పొస్తానని బోనకల్ నుంచి నిన్న మీ ఊరే బయల్దేరారు. రాలేదా?"

"రాలేదు మేడమ్. మా ఇంటికి ఎవరూ రాలేదు. ఒక మూగాయన తప్ప."

"మూగాయనా?"

జెస్సికా మెల్లగా అంది. "మొదటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి షాలేమ్‌రాజు గారికి గొంతు లేదు మహిమా."