ఇంగ్లీషు మరిచిపోయిన పాస్టరు

“ఏమంటున్నారు?” అని అడిగింది కెరిస్.

అమృత మంచం మీదికి వంగి పెద్దాయన పెదవుల దగ్గర చెవి పెట్టింది. ఆయన సన్నటి గొంతుతో మళ్లీ ఏదో అన్నాడు.

“మీరు వచ్చారని తెలిసిందట,” అంది అమృత.

కెరిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమెకు అరవై దాటాయి. పొద్దున్నే కనాటా అనే దూరపు ఊళ్లో కారెక్కి, మంచులో ఎక్కడా ఆగకుండా డ్రైవ్ చేసుకుంటూ కిచెనర్‌లోని ఈ వృద్ధాశ్రమానికి వచ్చింది. ఇంకా కోటు కూడా విప్పలేదు.

మంచంలో ఉన్నది ఆమె తండ్రి, రెవరెండ్ ఎల్విన్ ప్రోథెరో. వేల్స్‌లో పుట్టి, పడుచు వయసులో పాస్టరుగా టొరంటో వచ్చాడు. వెల్ష్ భాషలో కవి. ప్రసంగం లేని రోజుల్లో తన దేశపు పాస్టర్లవీ కవులవీ పండితులవీ జీవితకథలు రాస్తూ కూర్చునేవాడు. రాతి గనుల్లో పనిచేస్తూ కీర్తనలు కట్టినవాళ్లు, చూపు పోయాక కూడా కొండలెక్కి ఊరూరా ప్రసంగాలు చేసినవాళ్లు, అందరి చరిత్రలూ ఆయన నోట్లోనే ఉండేవి. ఆకులు రాలే కాలంలో వచ్చిన పక్షవాతం ఆయన ఇంగ్లీషు మొత్తాన్నీ తుడిచిపెట్టింది. తల్లి భాష ఒక్కటే మిగిలింది. ఆ భవనంలో అది కాస్తో కూస్తో అర్థమయ్యేది, సూర్యాపేట నుంచి చదువుకోవడానికి వచ్చి అక్కడ పార్ట్‌టైమ్ చేస్తున్న అమృతకే.

“నువ్వెలా నేర్చుకున్నావు?” అంది కెరిస్.

“ఆయనే నేర్పారు. నేను చేరినప్పుడు ఇంగ్లీషు బాగానే మాట్లాడేవారు. వినేవాళ్లు లేరని తన పద్యాలు నాకు చదివి అర్థం చెప్పేవారు. నాకు పెద్దగా రాదండి. చిన్న చిన్న మాటలు తెలుస్తాయి.”

ఆయన దగ్గరికి అమృతను చేర్చింది పద్యాలు కాదు. ఆమె వచ్చిన ఏడాది కిచెనర్ బస్సులన్నీ ఆమెలాంటి పిల్లలతోనే నిండిపోయి ఉండేవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు. ఏడవడానికి కూడా వేరే గది దొరికేది కాదు. నాన్న పోయారని ఫోన్ వచ్చేనాటికి ఆమె స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో తెలియదు. వెళ్లలేదు. తమ్ముడు లోహిత్‌ను ఒక్కటే అడిగింది.

“నాన్న నన్ను అడిగిండారా?”

“అడిగిండక్కా,” అన్నాడు లోహిత్, కాసేపాగి. “నీ పేరే తలుసుకున్నడు.”

మర్నాడు డ్యూటీలో భోజనం ట్రే పట్టుకుని నిలబడి ఏడుస్తుంటే, పెద్దాయన ఆమెను కూర్చోబెట్టాడు.

“ఎంతోమంది ఆఖరి ఘడియల్లో పక్కన కూర్చున్నానమ్మా. అదే నా ఉద్యోగం. చివరికి అందరూ పిల్లల్నే తలుచుకుంటారు,” అన్నాడు.

ఆ రోజు నుంచి షిఫ్ట్ అయిపోయినా ఆమె ఆయన దగ్గర కాసేపు కూర్చునే వెళ్లేది.

“ఆయన్ని ఒకటి అడుగుతావా?” అంది కెరిస్. “నాకు పన్నెండేళ్లప్పుడు మా ఫ్రెండ్స్ ముందు నాతో వెల్ష్‌లో మాట్లాడారు. ‘ఆ భాష నాతో మాట్లాడొద్దు, నాకు సిగ్గుగా ఉంది’ అనేశాను. మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంగ్లీషులోనేమో వాతావరణం గురించి తప్ప మా ఇద్దరికీ ఇంకో మాట దొరికేది కాదు. నేను ఇల్లు వదిలి వెళ్లిపోయాను. నా మీద కోపం పోయిందేమో అడుగు.”

అమృత మాటలు కూడబలుక్కుంటూ అడిగింది. పెద్దాయన కెరిస్ ముఖంలోకి చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. అమృత ఆయన దుప్పటి అంచు సర్దింది.

“చెప్పు. ఏదైనా ఫరవాలేదు,” అంది కెరిస్.

“కోపం ఎప్పుడూ లేదట. చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటున్నారు. ఆ మాట పట్టుకుని మాట్లాడటం మానేసిన తప్పు తనదేనట.”

కెరిస్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పెద్దాయన మళ్లీ ఏదో అన్నాడు.

“ఇప్పుడేమన్నారు?”

“చిన్నప్పుడు మిమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని మంచులో చర్చికి నడిచేవారట. దారంతా మీరు పాడేవారట. తన పద్యాలన్నీ కలిపినా ఆ పాటకు సరిరావట.”

“అంత చిన్న మాటలో ఇంత ఉందా?”

“కవి కదండీ,” అంది అమృత.

కెరిస్ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడ్చింది. తండ్రి చేయి తన చేతుల్లోకి తీసుకుని, నాన్నను పిలిచే వెల్ష్ పదం, యాభై ఏళ్లుగా పలకనిది, పలికింది. “తాదా.”

ఆయన కళ్లు అమృత వైపు తిరిగాయి. ఏదో గొణిగాడు.

“మీ గొంతు మారలేదంటున్నారు,” అంది అమృత.

మర్నాడు మధ్యాహ్నం దాకా కెరిస్ ఆ చేయి వదల్లేదు. ఆయన ఊపిరి ఆగిపోయిన తర్వాత కూడా చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం కారు దగ్గర అమృతను కౌగిలించుకుంది.

“నువ్వు లేకపోతే ఆయన మనసులో ఏముందో తెలియకుండానే పోయేదాన్ని.”

అమృత తల వంచుకుంది. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా ఆ చలిలో అలాగే నిలబడింది.

ఆ రెండు రోజులూ ఆయన అడిగింది ఒక్కటే: “ఈవిడ ఎవరమ్మా?”