ఐదేళ్ల కాగితం

“కంప్రెసరుకి కంపెనీవాళ్లే పదేళ్లు ఇస్తున్నారు కదా. మరి మీ ఐదేళ్ల వారంటీతో నాకు కొత్తగా వచ్చేదేంటి?” అని అడిగింది అక్క.

ఫ్రిజ్ అమ్ముతున్న కళ్లద్దాలాయన చేతిలోని రంగుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తమ్ముడు నవ్వు దాచుకోవడానికి వాషింగ్ మెషీన్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరితో పెట్టుకున్నాడో పాపం ఆయనకు తెలియదు.

అక్క ఇరవై రెండేళ్లుగా ఇంటి ముందుగదిలో మోటార్లకూ ఫ్యాన్లకూ వైండింగ్ చేస్తోంది. బావ పోయిన మరుసటి నెలే ఆయన స్టూలు మీద కూర్చుంది. ఆడమనిషి చేతికి మోటారు ఇవ్వడమేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్లే ఇప్పుడు ఆమె గుమ్మంలో వరస కడుతున్నారు. చిన్నాపెద్దా అందరికీ ఆమె వైండింగక్క. ఏ వస్తువు కొనబోయినా జనం ముందు ఆమెను అడిగి వెళతారు. అందరికీ ఆమె చెప్పేది ఒక్కటే. పాడయ్యేదైతే మొదటి ఏడాదిలోనే పాడవుతుంది, దానికి కంపెనీ ఉంది. ఆ తర్వాత నేనున్నాను. మధ్యలో డబ్బు కట్టి షాపువాడి వారంటీ ఎందుకు, దండగ? ఆ మాట విని వారంటీకి దణ్ణం పెట్టినవాళ్లలో తమ్ముడూ ఒకడు.

అతను ఊరికి అవతలి కొసన ఉంటాడు. పొద్దున్నే ఫోన్ చేసి, వ్యాను వేసుకుని ఈ షాపుకి రమ్మంది. పాత ఫ్రిజ్‌కి పదిసార్లు ప్రాణం పోసిన మనిషి కొత్తది కొంటాననడమే అతనికి వింతగా తోచింది.

అక్క ప్రశ్నలు ఆగలేదు. తలుపు రబ్బరు పోతే ఇస్తారా అంటే ఇవ్వరట. లోపలి బల్బు? ఇవ్వరు. కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోతే? అదీ రాదు. ఎలుక వైరు కొరికితే అసలు ఆ ఊసే ఎత్తకూడదట. చివరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మీలాంటి పని తెలిసినవాళ్లకి ఇది అక్కర్లేదమ్మా అని ఒప్పేసుకున్నాడు.

“రిపేరుకి మనిషి ఇంటికే వస్తాడా?” అక్క అడిగింది.

“వస్తాడమ్మా. ఐదేళ్లపాటు మీరు ఎప్పుడు ఫోన్ చేసినా రెండు రోజుల్లో మీ గుమ్మంలో ఉంటాడు.”

“అలాగని కాగితం మీద ఉంటుందా?”

“ఉంటుంది.”

“అయితే రాయండి.”

తమ్ముడు నిజంగానే ఉలిక్కిపడ్డాడు. ఆమెను స్టవ్వుల వరస వెనక్కి తీసుకెళ్లి, ఆమె పాఠమే ఆమెకు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అక్క ఓపిగ్గా విన్నది.

“నువ్వన్నదంతా నిజమేరా. అయినా నాకా కాగితం కావాలి.”

అతని చూపు ఆమె చేతుల మీదికి పోయింది. రాగి తీగ కోసిన గీతలతో, వార్నిష్ మరకలతో ఎప్పటిలాగే ఉన్నాయి. చూపు మందగించిందేమో, వేళ్లు పట్టు తప్పుతున్నాయేమో, తనకు చెప్పకుండా దాస్తోందేమో అనిపించింది. ఒంట్లో బాగానే ఉందా అని మెల్లగా అడిగాడు. గుండ్రాయిలా ఉన్నానని చెప్పి ఆమె బిల్లు రాసే బల్ల దగ్గరకు నడిచింది.

అక్కడ మళ్లీ పేచీ మొదలైంది. ఫోన్ నంబరు చాలు, మిగతాదంతా కంప్యూటర్లో ఉంటుందన్నాడు ఆయన. కుదరదంది అక్క. ఇంటి నంబరు, సందు పేరు, అన్నీ కాగితం మీద పడాలంది. మొదటిసారి సందు పేరు ఎగిరిపోతే మళ్లీ తీయించింది. ఇల్లు మారితే తమకు చెప్పాలని, లేకపోతే వారంటీ చెల్లదని ఆయన గుర్తుచేశాడు.

“మేం మారం. అది కూడా రాయండి.”

అలాంటి గడి ఏదీ లేదని ఆయన నసిగాడు. ఖాళీ జాగా చూసి పెన్నుతో రాయమంది. ‘ఇల్లు మారరు’ అని రాసి, ముద్ర కూడా వేసేదాకా ఆమె కదల్లేదు. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది.

వ్యాను సందులోకి వచ్చేసరికి నలుగురూ బయటికొచ్చారు. కొత్త వస్తువు దిగుతుంటే ఎవరైనా ఎంతకు కొన్నారని అడుగుతారు. వీళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఎదురింటి టైలరు మాత్రం దగ్గరకొచ్చి, ఇప్పుడెందుకమ్మా ఇది అన్నాడు గొంతు తగ్గించి.

“ఇప్పుడే కావాలి. నువ్వూ ఒకటి కొను” అంది అక్క.

టైలరు చొక్కా చేతులు పైకి మడిచి, ఫ్రిజ్‌కి ఓ పక్క భుజం పెట్టాడు. మిగతావాళ్లూ వచ్చి తలో చెయ్యీ వేశారు. బార్లా తెరిచిన తలుపులోంచి దాన్ని లోపలికి చేర్చి, ముందుగదిలో మోటార్ల పక్కన నిలబెట్టారు.

తమ్ముడు చెమట తుడుచుకునేలోగా అక్క వార్నిష్ డబ్బా, బ్రష్షు తీసుకుని బయటికి నడిచింది. తలుపు దగ్గరకు లాగి, వారంటీ కాగితం వెనక చిక్కగా వార్నిష్ పూసింది. ఆరిందంటే గీకినా ఊడని సరుకది. అసలు కాగితమే అంటించేస్తే రేపు రిపేరుకి ఏం చూపిస్తావని తమ్ముడు వెంటబడ్డాడు.

“వచ్చేవాడు ఈ గుమ్మంలోకే కదరా రావాలి. నిలబడి చదువుకుంటాడు.”

ఆమె కాగితాన్ని తలుపుకి ఆనించి, నాలుగు మూలలూ బొటనవేలితో అదిమింది. సందంతా గుమ్మం ముందు చేరింది.

రోడ్డు వెడల్పు కోసం నెలలోపు ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు దాని కింద మూసుకుపోయింది.