ఎండని మక్కలు

“సత్తమ్మా, మక్కలెత్తు. బడి ముందట సగం రోడ్డు నీదేనా?” అన్నాడు కౌన్సిలర్ రాజేశం, జేబులోంచి నోటీసు తీస్తూ.

“ఇంకా ఎండలేదు బిడ్డా.”

పక్క వార్డు కౌన్సిలర్ జ్యోతిరాణి వంగి, రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నల్లోంచి ఒక గింజ తీసుకుని కొరికింది. టక్కుమంది.

“అవ్వా, గివి ఎండి నెలాయె గదా.”

“అయింది. స్పీడ్ బ్రేకర్ కోసమని మీ మీటింగులు గూడ మూడయినయ్.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?” అన్నాడు రాజేశం.

అంతలో బడి విడిచిన గంట మోగింది. లక్సెట్టిపేట వైపు నుంచి దూసుకొస్తున్న లారీ మక్కలను చూసి నెమ్మదించింది. మిగిలిన సగం రోడ్డు మీద మెల్లగా కదిలింది. దాని ముందునుంచే పిల్లలు రోడ్డు దాటారు.

చివరి పిల్ల దాటాక సత్తమ్మ చీపురు అందుకుని మక్కలను కుప్ప చేయసాగింది.

“నీ మనుమడు ఏ తరగతి అవ్వా?” అంది జ్యోతిరాణి.

“మావోడు గీ రోడ్డు దాటలేకపాయె.” చీపురు ఆగలేదు.

రాజేశం నోటీసును మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బస్తా మూతి తెరిచి పట్టుకున్నాడు.

“స్టేషన్ కాడి బడి ముందట పొయ్యనీకి రెండు బస్తాలిస్తవా?” అన్నాడు.

“ఇస్త. ఎండినంక తెచ్చియ్యి.”