ఉల్లిపొర రంగు కారు

“ఇదేం రంగప్పా? ఉల్లిగడ్డ పొర మాదిరుండాది! బండికి రంగేసినావా, తిరునాళ్ల బొమ్మకేసినావా?”

బంగారం వ్యాపారి మురళీమోహన్ అరుపుకు షెడ్డు ముందు టీ తాగుతున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. షెడ్డు బయట, ప్రొద్దుటూరు ఎండలో మురళీమోహన్ నాన్న కాలం నాటి అంబాసిడర్ కారు లేత గులాబీగా మెరుస్తోంది.

పెయింటర్ కమాల్ బాషా తాపీగా చేతులు తుడుచుకున్నాడు. “అరవాకన్నా. నువ్వు సరే అన్న రంగే ఇది.”

“నేను సరే అనింది గంధం రంగుకు!”

“గంధం నువ్వు యాడ చూసినావు? ఈ రంగు మచ్చునే నీ బంగారం అంగట్లో, ఆ పసుప్పచ్చ లైట్ల కింద చూసి గంధమనుకుంటివి. బయటికొచ్చి ఎండలో చూడన్నా అని మొత్తుకుంటి. ‘బంగారంలో రాగి ఎంత కలిసిందో చూపుతోనే చెప్తా, నాకే నేర్పిస్తాండావా’ అంటివి.”

అన్నమాట నిజమే. మురళీమోహన్ అంగట్లో లైట్లు ఎలాంటివంటే, వాటి కింద ఇత్తడి గరిటె పెట్టినా ఆడవాళ్లు మెడలో వేసుకుని చూస్తారు. కొనేవాళ్ల కళ్లు మురిపించడానికి పెట్టించిన లైట్ల కింద తన కళ్లనే మురిపించుకున్న మొనగాడాయన. తప్పు ఒప్పుకుంటే ఎక్కడ పరువు పోతుందోనని గొంతు ఇంకా పెంచాడు.

“మా నాయన సింహం మాదిరి బతికినోడు. ఇట్లాంటి రంగు బండిలో తిరిగింటాడా?”

“తలుపు రబ్బరు పెరికి, పైనున్న తెల్ల రంగు గీకితే కింద ఇదే ఉండాది. ఇది కంపెనీ ఇచ్చిన రంగు కూడా కాదు. ఎవురో పని గట్టుకోని కలిపిచ్చి కొట్టిచ్చినారు. ఎన్ని అంబాసిడర్లు చూసినా, ఈ రంగు మాత్రం నేను యాడా చూడలే.”

“నువ్వు చూడకుంటే లోకంలో లేనట్టా?”

“లేదనింది నువ్వన్నా, నేను కాదు.”

టీ బంకు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మురళీమోహన్ వాచీ చూసుకుని తల పట్టుకున్నాడు. ఇంకో గంటలో కొత్త షోరూము ప్రారంభం. బజారు బజారంతా ఫ్లెక్సీలు కట్టించాడు. నాన్నగారి కారులో, ఆనాటి రంగులోనే, అమ్మగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారని వాట్సాప్‌లో ఊరందరికీ పంపాడు. పైన తిరగడానికి డ్రోన్ కెమెరా కూడా తెప్పించాడు. తీరా కారు చూస్తే ఇదీ వరస. బజారులో తోటి వ్యాపారులు దీన్ని చూస్తే, ఏడాది పాటు టీ తాగుతూ నవ్వుకోవడానికి వాళ్లకు వేరే మాట అక్కర్లేదు.

పోనీ, ఇంకో కారులో పోదామంటే తల్లి రాజేశ్వరమ్మ రాదు. “మీ నాయన ఉన్నప్పటి రంగే ఉంటే ఎక్కుతా. లేకుంటే మీ షాపు మీరే తెరుచుకోండి” అని ఆమె మొదటే తెగేసి చెప్పింది. ఏం రంగమ్మా అని అడిగితే, “నా నోటితో చెప్పను, గీకి చూసుకో” అంది. కొడుకు ఊహ తెలియని పసివాడుగా ఉన్నప్పుడు, భర్త పోయిన నెలలోనే కారుకు తెల్ల రంగు కొట్టించింది కూడా ఆమే. ‘నాయన పోయినాక మా అమ్మ రంగులే చూడలేకపోయింది’ అని మురళీమోహన్ ఈ కథ చెప్పని చుట్టం లేడు, కళ్లు తుడుచుకోని రోజు లేదు.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. పట్టుచీర కట్టుకున్న రాజేశ్వరమ్మ కర్ర ఊతంగా దిగింది. కారును చూసి నిలబడిపోయింది.

“అమా, ఈ బాషా కొంప ముంచినాడు,” కొడుకు ఎదురు పరిగెత్తాడు. “ఈ పొద్దుకు నా కారులో పోదాం. రంగు మళ్లీ కొట్టిస్తా, నా మాట విను.”

ఆమె వినలేదు. కారు దగ్గరికి నడిచి, తలుపు మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు రేకు కాలుతున్నా చెయ్యి తియ్యలేదు.

“ఇదే,” అంది.

“ఏందమ్మా?”

“ఇదే రంగు. అచ్చం ఇదే.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కమాల్ బాషా గెడ్డం పైకెత్తి మురళీమోహన్‌ను చూశాడు. మురళీమోహన్ మాత్రం ఒక్క క్షణంలో మనిషి మారిపోయాడు.

“చూసినావా బాషా! అందుకే నేను అంగట్లో చూడంగానే సరే అంటి. రంగు చూడాలంటే కన్ను ఉండాలప్పా, కన్ను!”

“ఉండాదిలే అన్నా, నీకు శానా ఉండాది,” అంటూ కమాల్ బాషా షెడ్డులోకి పోయాడు.

మురళీమోహన్ వెనక తలుపు తెరిచి తల్లిని చేయి పట్టి కూర్చోబెట్టాడు. డ్రోన్ వాడికి ఫోన్ చేసి సిద్ధంగా ఉండమన్నాడు. తానే స్టీరింగు ముందు కూర్చుని, అద్దంలో ఆమెను చూశాడు.

“ఎట్లుందమ్మా? నాయన పక్కన కూచున్నట్టే ఉందా?”

“నాకేం తెలుసురా? నేను దీంట్లో కూచోవడం ఇదే మొదలు.”

మురళీమోహన్ అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. బండి స్టార్టు చేసి, షోరూము వైపు తిప్పబోయాడు.

“అటు కాదు, ముందు జమ్మలమడుగుకు పోనీ,” అంది రాజేశ్వరమ్మ కొంగు సర్దుకుంటూ. “ఆ రుక్మిణమ్మ కోక రంగే బండికీ కొట్టిచ్చి, ఆమెను దీంట్లో పక్కన కూచోబెట్టుకోని మన వాకిలి ముందరే తిప్పినాడు మీ నాయన; ఈ పొద్దు ఆయమ్మ వాకిలి ముందర నేను పోవాల.”